ఒకే పాట, ఎన్నో రాత్రులు: స్ప్రింగ్‌స్టీన్ లైవ్ రికార్డింగుల వెంట ఎందుకు పడతారు?

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను ప్రాణంగా వినేవాళ్ల దగ్గర ‘ప్రూవ్ ఇట్ ఆల్ నైట్’ అనే పాట ఒక్కటే ఉండదు. అదే పాట పదో పదిహేనో ఉంటాయి. 1978లో వచ్చిన ‘డార్క్‌నెస్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టౌన్’ ఆల్బమ్‌లో దాని నిడివి నాలుగు నిమిషాల లోపే. స్టూడియోలో నెలల తరబడి కూర్చుని, ప్రతి వాయిద్యాన్నీ సరిచూసుకుంటూ చేసిన రికార్డింగ్ అది. అయినా వాళ్లు పదే పదే వెనక్కి వెళ్లేది దాని దగ్గరికి కాదు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఒక రాత్రి వేదిక మీద వాయించిన దాని దగ్గరికి.

పాట తెలిసిందే, గొంతు తెలిసిందే. మరి ఇన్నిసార్లు ఎందుకు?

లైవ్‌లో ఊపు ఉంటుంది, జనం కేకలుంటాయి, అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది అని సాధారణంగా చెబుతారు. అబద్ధం కాదు. కానీ దాంతో లెక్క తేలదు. ఊపే కావాలంటే ఒక మంచి లైవ్ ఆల్బమ్ చాలు, పదిహేను అక్కర్లేదు. ఈ మోజుకు అసలు కారణం పోలిక అని నేను నమ్ముతాను. స్టూడియో పాటలో నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి. వాటి ఫలితమే మన చేతికి వస్తుంది. వేదిక మీద పాటలో ఆ నిర్ణయాలు మనం వింటుండగానే జరుగుతాయి. ఇక్కడ ఇంకాస్త సాగదీయాలా, గిటార్ ఇప్పుడే అందుకోవాలా, చరణానికి ముందు ఒక్క క్షణం ఆగాలా? ఒక్క రాత్రి టేపు వింటే ఇది పట్టుబడదు, అంతా ముందే రాసిపెట్టుకున్నట్టు అనిపిస్తుంది. రెండో రాత్రిది విన్నప్పుడే, మొదటిదానిలో మనం సహజమనుకున్న మలుపు ఆ రాత్రికే పుట్టిందని తెలుస్తుంది. అక్కడి నుంచి మూడోదాని కోసం వెతుకులాట మొదలవుతుంది.

1978 రేడియో రాత్రులు

1975లో ‘బార్న్ టు రన్’ ఆల్బమ్‌తో పేరొచ్చిన వెంటనే స్ప్రింగ్‌స్టీన్ తన అప్పటి మేనేజర్ మైక్ అపెల్‌తో కోర్టు గొడవలో పడ్డాడు. 1977లో రాజీ కుదిరేదాకా కొత్త ఆల్బమ్ మొదలుపెట్టడానికి వీల్లేకపోయింది. రెండు ఆల్బమ్‌ల మధ్య దాదాపు మూడేళ్లు గడిచాయి. కొత్తవాళ్లను అంతే వేగంగా మరిచిపోయే రోజులవి. అందుకే 1978 పర్యటనలో అయిదు కచేరీలను ఆయా ప్రాంతాల ఎఫ్‌ఎం రేడియోల్లో నేరుగా ప్రసారం చేశారు. జూలై 7న లాస్ ఏంజెలెస్‌లోని రాక్సీ, ఆగస్టు 9న క్లీవ్‌లాండ్‌లోని అగోరా, సెప్టెంబర్ 19న న్యూజెర్సీలోని పస్సేయిక్, సెప్టెంబర్ 30న అట్లాంటా, డిసెంబర్ 15న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్. ఇంట్లో రేడియో, పక్కనే క్యాసెట్ రికార్డర్ ఉన్నవాళ్లందరికీ మూడు గంటల కచేరీ మంచి నాణ్యతతో దొరికింది. టేపులు తిప్పుకోమని బూట్‌లెగర్లను, అంటే అనుమతి లేకుండా కచేరీలను రికార్డు చేసేవాళ్లను, ఉద్దేశించి ఒక ప్రసారంలో ఆయనే హుషారుగా అన్నాడు కూడా.

ఆ రాత్రుల్లో ‘ప్రూవ్ ఇట్ ఆల్ నైట్’ పది నిమిషాలు దాటుతుంది. మొదట రాయ్ బిటన్ పియానో ఒక్కటే, నెమ్మదిగా, ఒకే చిన్న వరసను తిప్పుతూ ఉంటుంది. దాని మీదికి స్ప్రింగ్‌స్టీన్ గిటార్ వస్తుంది. తొందరేమీ లేదు. రెండు స్వరాలు వాయించి ఆగుతుంది, మళ్లీ వస్తుంది, మెల్లగా పదునెక్కుతుంది. వెనక మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్స్ బిగుస్తూ ఉంటాయి. ఇక తెగిపోతుందేమో అనిపించిన చోట అందరూ ఒక్కసారిగా అసలు పాటలోకి దూకుతారు. రాత్రంతా నిరూపిస్తాను అని ఆ పాటలోని కుర్రాడు ఒక అమ్మాయికి మాట ఇస్తాడు. స్టూడియోలో అది ఒక మాట మాత్రమే. వేదిక మీద అంతసేపు గిటార్ పెనుగులాడాక అదే మాట వచ్చేసరికి, ఇతను నిజంగానే చేసి చూపిస్తాడని నమ్మకం కలుగుతుంది. పాటలో ఒక్క పదం మారలేదు. మనల్ని ఎదురుచూడనివ్వడం వల్లే దాని అర్థం బరువెక్కింది.

అయిదు ప్రసారాలనూ వరసగా వింటే ఆ ఇంట్రో ఎంతసేపు నడవాలో ఎవరూ గడియారం చూసి నిర్ణయించలేదని అర్థమవుతుంది. గిటార్ చెప్పాల్సింది అయిపోయిందా లేదా అని మిగతావాళ్లు చెవులు రిక్కించి వింటుంటారు. ఆ వినడం మనకు వినిపిస్తుంది. స్ప్రింగ్‌స్టీన్ బృందమైన ‘ఇ స్ట్రీట్ బ్యాండ్’ గొప్పతనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఏ టేపు దేన్ని వినిపిస్తుంది

లైవ్ రికార్డింగ్ అని మనం అనేదానిలో నిజానికి మూడు నాలుగు వేర్వేరు వస్తువులున్నాయి. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే వాదనలు తెగవు.

మొదటిది సౌండ్‌బోర్డ్ టేపు. వేదిక మీది మైకులన్నీ మిక్సర్‌లోకి వెళ్తాయి, అక్కడి నుంచి స్పీకర్లకు. ఆ మిక్సర్ నుంచే తీగ లాగి రికార్డు చేస్తే గొంతు, ప్రతి వాయిద్యం చాలా స్పష్టంగా వస్తాయి. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆ మిక్స్ హాలు కోసం చేసింది, టేపు కోసం కాదు. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయర్లే చెవులు పగిలేలా మోగుతాయి కాబట్టి వాటిని స్పీకర్లలోకి ఎక్కువగా పంపాల్సిన పనిలేదు. ఫలితంగా టేపులో గొంతు మీదికొచ్చి, గిటార్ ఎక్కడో లోతులో పడుతుంది. జనం అసలు వినపడరు. ఇరవై వేల మంది ముందు వాయించింది కూడా ఖాళీ గదిలో రిహార్సల్‌లా ఉంటుంది.

రెండోది జనంలో కూర్చుని ఎవరో చేసిన రికార్డింగ్. గది మొత్తం ఇందులో ఉంటుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని, పక్కవాడి ఈల, కోరస్‌లో వేలమంది గొంతు కలపడం, అన్నీ. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం 1970 ఆగస్టు 23న న్యూయార్క్‌లోని మ్యాక్సెస్ కాన్సాస్ సిటీలో ఇచ్చిన ప్రదర్శనను వాళ్ల స్నేహితురాలు ఒక మామూలు క్యాసెట్ రికార్డర్‌తో పట్టింది. 1972లో కంపెనీ దాన్నే ఆల్బమ్‌గా విడుదల చేసింది. పాటల మధ్య బల్ల దగ్గర డ్రింకులు ఆర్డర్ చేయడం కూడా వినిపిస్తుంది. శబ్దం పరంగా పేలవమైన రికార్డింగ్. కానీ ఆ గదిలో ఎంతమంది ఉండి ఉంటారో, ఎవరు శ్రద్ధగా వింటున్నారో, ఎవరు పట్టించుకోవడం లేదో అది చెప్పినంత బాగా ఏ శుభ్రమైన టేపూ చెప్పదు.

మూడోది మల్టీట్రాక్. హాలు బయట రికార్డింగ్ ట్రక్కు పెట్టి ప్రతి వాయిద్యాన్నీ, జనం మీద పెట్టిన మైకులనూ విడివిడి ట్రాకుల్లో పడతారు. తరవాత స్టూడియోలో తీరిగ్గా మిక్స్ చేసుకోవచ్చు. కంపెనీలు విడుదల చేసే లైవ్ ఆల్బమ్‌లలో చాలావరకు ఇవే.

సౌండ్‌బోర్డ్‌నూ జనంలో చేసిన టేపునూ కలిపి మ్యాట్రిక్స్ అనే మిశ్రమాన్ని తయారుచేసే అభిమానులూ ఉన్నారు. ఇది అనుకున్నంత సులువు కాదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 35 మీటర్ల దూరంలో ఉన్న మైకుకు ప్రతి దెబ్బా సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. రెండు టేపులనూ అలాగే కలిపేస్తే డ్రమ్ దెబ్బ రెండుసార్లు మోగుతుంది. పైగా రెండు రికార్డర్ల వేగం కచ్చితంగా ఒకటే ఉండదు. పాట పాటకూ జరిపి సరిచేయాలి. ఒక్క కచేరీ కోసం వారాల తరబడి ఈ పని చేసి, పైసా తీసుకోకుండా పంచేవాళ్లను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

క్యాసెట్ల కాలంలో ఇంకో బెడద ఉండేది. కాపీకి కాపీ తీసిన కొద్దీ హిస్ అనే బుసబుస శబ్దం పెరుగుతుంది, పై స్థాయి శబ్దాలు చచ్చిపోతాయి. అందుకే టేపులు మార్చుకునేవాళ్లు అది మూలం నుంచి ఎన్నో తరం కాపీయో ముందు అడిగేవాళ్లు. ఇందులో అమ్మకాలు ఉండకూడదన్నది పట్టింపు. ఖాళీ క్యాసెట్లు, పోస్టేజీ ఖర్చు పంపితే కాపీ చేసి ఇచ్చేవాళ్లు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందమైతే 1984లో రికార్డు చేసుకునే శ్రోతల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. 1977 మే 8న కోర్నెల్ విశ్వవిద్యాలయంలో వాళ్లిచ్చిన కచేరీ టేపు అలా చేతులు మారి మారి, చివరికి అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చోటు సంపాదించింది. అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చింది మాత్రం 2017లో.

అంతా నిజంగా లైవేనా?

కాదు. గాయకుడు జానీ క్యాష్ ఫోల్సమ్ జైల్లో 1968లో చేసిన ప్రసిద్ధ రికార్డింగ్‌లో, రీనోలో ఒకణ్ని కాల్చి చంపానన్న పంక్తి తరవాత ఖైదీల కేరింత వినిపిస్తుంది. దాన్ని తరవాత స్టూడియోలో చేర్చారు. థిన్ లిజ్జీ అనే రాక్ బృందం 1978 లైవ్ ఆల్బమ్‌లో ఎంత భాగం స్టూడియోలో మళ్లీ వాయించారన్న దాని మీద నిర్మాత టోనీ విస్కోంటీ ఒక మాట, బృందం ఒక మాట చెప్పారు. శ్రుతి తప్పిన కోరస్‌ను మళ్లీ పాడించి అతికించడం 70ల్లో మామూలే.

కొందరు దీన్ని మోసంగా చూస్తారు. నేను అంత కఠినంగా ఉండలేను. ఒక తప్పుడు స్వరాన్ని సరిదిద్దినంత మాత్రాన ఆ రాత్రి ఆవిరైపోదు. కానీ వేర్వేరు రాత్రుల ముక్కలు తెచ్చి ఒక కచేరీలా కుట్టినప్పుడు పెద్ద నష్టమే జరుగుతుంది. 1986 నవంబర్‌లో అయిదు ఎల్పీల పెట్టెగా వచ్చిన స్ప్రింగ్‌స్టీన్ ‘లైవ్ 1975–85’ దీనికి ఉదాహరణ. 40 పాటలు, పదేళ్ల కాలం. వచ్చీ రాగానే అమెరికాలో ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం. విడివిడిగా చూస్తే అందులో అద్భుతాలున్నాయి. కానీ చిన్న క్లబ్బు పక్కనే స్టేడియం, 1978 పక్కనే 1981 వచ్చేసరికి, ఒక పాట అలసట మీద ఇంకో పాట ఎలా నిలబడుతుందో, మూడో గంటలో గొంతు ఎలా గరుకెక్కుతుందో తెలిసే దారి లేదు. పైగా 1978లో అంత పేరు తెచ్చుకున్న ‘ప్రూవ్ ఇట్ ఆల్ నైట్’ ఆ పెట్టెలో అసలు లేనే లేదు. పాత రేడియో టేపులకు ఆ తరవాత కూడా గిరాకీ తగ్గకపోవడంలో ఆశ్చర్యమేముంది?

పాటకు ముందు మాట

ఆ పెట్టెను పూర్తిగా పక్కన పెట్టలేను, కారణం ‘ది రివర్’. 1985 సెప్టెంబర్ 30, లాస్ ఏంజెలెస్ కొలీజియం స్టేడియం. బృందం వెనక మెత్తగా వాయిస్తుండగా స్ప్రింగ్‌స్టీన్ తన తండ్రి గురించి చెప్పడం మొదలుపెడతాడు. కుర్రతనంలో ఇద్దరికీ ఎప్పుడూ గొడవే. జుట్టు పెంచావని తిట్లు. ఆర్మీ నిన్ను పట్టుకెళ్లి జుట్టు కత్తిరించి మనిషిని చేసే రోజు కోసం చూస్తున్నానని తండ్రి అంటుండేవాడు. అది వియత్నాం యుద్ధకాలం. కొడుకుకు పిలుపు వస్తుంది. ఇంట్లో చెప్పకుండా వైద్య పరీక్షకు వెళ్తాడు, ఫెయిల్ అవుతాడు. మూడు రోజుల తరవాత ఇంటికొస్తే అమ్మా నాన్నా వంటింట్లో కూర్చుని ఉంటారు. ఎక్కడికెళ్లావని నాన్న అడుగుతాడు. పరీక్షకెళ్లాను, వాళ్లు నన్ను తీసుకోలేదు అని చెబుతాడు. మంచిదే, అంటాడు నాన్న.

అంతే. తరవాత హార్మోనికా వస్తుంది, పాట మొదలవుతుంది. ‘ది రివర్’ పాటలో తండ్రీ కొడుకుల గొడవ లేదు, యుద్ధం లేదు. చిన్న వయసులోనే పెళ్లయి, పనులు పోయి, ఎండిపోయిన నది దగ్గరికి వెళ్లే ఒక జంట కథ అది. కానీ ఆ కథ విన్నాక పాటలో ప్రతి మాటా, దొరికే దారులన్నీ మూసుకుపోయిన కుర్రాళ్లందరి గురించీ అనిపిస్తుంది. 1980 స్టూడియో రికార్డింగ్ ఎంత బాగున్నా ఈ పని చేయలేదు. ఆ మాటలు ఆల్బమ్‌లో ఎక్కడా లేవు, ఉండే వీల్లేదు. టేపు లేకపోతే ఆ స్టేడియంలో ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ అందేవి కావు.

కొన్ని రాత్రులకు కథ బయటి నుంచి వస్తుంది. 1980 డిసెంబర్ 8న జాన్ లెనన్‌ను కాల్చి చంపారు. మర్నాడు ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్‌లో స్ప్రింగ్‌స్టీన్ కచేరీ. వేదిక ఎక్కి, ఈ రాత్రి వాయించడం కష్టమే, అయినా చేయగలిగింది ఇదొక్కటే అన్న అర్థంలో నాలుగు మాటలు చెప్పి మొదలుపెట్టాడు. చివర్లో ‘ట్విస్ట్ అండ్ షౌట్’ వాయించారు. జనంలో ఉన్నవాళ్లు పట్టిన టేపుల్లో శబ్దం గొప్పగా ఏమీ ఉండదు. అయినా అక్కడ పాడుతున్న తీరు విన్నవాడికి నాణ్యత గురించి మాట్లాడాలనిపించదు.

పాటే మారిపోతే

ఒక పాట అర్థాన్ని దాని సొంతదారు ఏళ్ల తరబడి తిరగరాయడం వినాలంటే ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ను పట్టుకోవాలి. 1984 ఆల్బమ్‌లో అది పెద్ద సింథసైజర్, పిడుగుల్లాంటి డ్రమ్స్‌తో వస్తుంది. వియత్నాం నుంచి తిరిగొచ్చి ఎక్కడా పని దొరకని సైనికుడి కథను చాలామంది దేశభక్తి గీతంగా పాడుకున్నారు. 90ల మధ్యలో ఒంటరిగా చేసిన పర్యటనలో స్ప్రింగ్‌స్టీన్ ఆ హోరంతా తీసేసి, ఒక్క అకూస్టిక్ గిటార్ తీగల మీద స్లైడ్ అనే చిన్న గొట్టం జారుస్తూ, కోపంగా పాడాడు. ఇక దాన్ని జెండా ఊపుతూ పాడుకోవడం ఎవరివల్లా కాదు. నిజానికి పాట తొలి రూపం దీనికే దగ్గర. 1982లో ఇంట్లో ఒంటరిగా చేసిన డెమో 1998లో బయటికొచ్చాక ఆ సంగతి తెలిసింది.

‘అమెరికన్ స్కిన్ (41 షాట్స్)’ది ఇంకో దారి. 1999 ఫిబ్రవరిలో న్యూయార్క్ పోలీసులు అమడూ డియాలో అనే నిరాయుధుడి మీద 41 సార్లు కాల్పులు జరిపి చంపారు. దాని మీద రాసిన ఆ పాటను స్ప్రింగ్‌స్టీన్ 2000 జూన్‌లో అట్లాంటా వేదిక మీదే మొదట పాడాడు. న్యూయార్క్ పోలీసు సంఘం బహిష్కరణకు పిలుపునిచ్చింది. అయినా అదే నెలలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాడాడు. 2001లో వచ్చిన ‘లైవ్ ఇన్ న్యూయార్క్ సిటీ’ ఆల్బమ్‌లో ఉన్నది అక్కడి రికార్డింగే. ఆయన స్టూడియో ఆల్బమ్‌లోకి ఆ పాట 2014లో గానీ రాలేదు. అంటే ఇక్కడ లైవే అసలు, స్టూడియో దాని తరవాతి రూపం.

టేపులు ఇప్పుడు

రేడియో రాత్రి బూట్‌లెగర్లను పలకరించిన మనిషే తరవాత రికార్డు కంపెనీతో కలిసి బూట్‌లెగ్‌లు అచ్చేసి అమ్మేవాళ్ల మీద కోర్టుకెళ్లాడు. ఇందులో వైరుధ్యం ఉన్నా నాకు అర్థం కానిదేమీ లేదు. ఇష్టంతో టేపు చేసుకోవడం వేరు, ఇంకొకరి పనిని అమ్ముకోవడం వేరు. దశాబ్దాల పాటు ఆయన తరఫున ఇంకో దారి తెరుచుకోలేదు. 2014 చివర్లో పాత కచేరీలను పూర్తిగా, పాట క్రమం మార్చకుండా అధికారికంగా అమ్మడం మొదలైంది. తొలి విడుదలల్లోనే అగోరా 1978 ఉంది. రాక్సీ 2018లో, వింటర్‌ల్యాండ్ 2019లో వచ్చాయి.

వీటిలో కొన్నింటికి వాడిన ప్లాన్‌జెంట్ అనే పద్ధతి గురించి చెప్పాలి. టేపు యంత్రం తిరిగే వేగం ఎప్పుడూ కొద్దిగా వణుకుతుంటుంది. దాంతో పియానో స్వరం నీళ్లలో కనిపించే నీడలా కదులుతుంది. అయితే రికార్డు చేసేటప్పుడు యంత్రం చెవికి వినపడనంత హెచ్చు పౌనఃపున్యంలో బయాస్ అనే సంకేతాన్ని కూడా టేపు మీదికి పంపుతుంది. దాని జాడ ఏళ్ల తరవాతా మిగిలి ఉంటుంది. అసలు ఆ సంకేతం స్థిరంగా ఉండాల్సింది కాబట్టి, ఎక్కడ అది ఊగిందో అక్కడ టేపు వేగం మారిందన్నమాట. కంప్యూటర్ ఆ ఊగిసలాటను కొలిచి సంగీతాన్ని సరిచేస్తుంది. ఇలా బాగుచేసినవి వింటే బిటన్ పియానో వేళ్లు విడివిడిగా తెలుస్తాయి.

ఒక్కోసారి రికార్డింగ్ విలువ ఎవరూ అనుకోని విధంగా పెరుగుతుంది. ఆర్గాన్, అకార్డియన్ వాయించే డానీ ఫెడెరిచీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో బాధపడుతూ 2008 మార్చి 20న ఇండియానాపొలిస్‌లో చివరిసారి బృందంతో వేదిక ఎక్కాడు. ‘ఫోర్త్ ఆఫ్ జూలై, ఆస్‌బరీ పార్క్ (శాండీ)’కి అకార్డియన్ వాయించాడు. నెల తిరక్కుండానే పోయాడు. ఆ రికార్డింగ్‌ను అదే ఏడాది విడుదల చేసి, వచ్చిన డబ్బును ఆయన పేరిట పెట్టిన నిధికి ఇచ్చారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు ‘ప్రూవ్ ఇట్ ఆల్ నైట్’ స్టూడియో పాట, వెంటనే అగోరా, ఆ తరవాత వింటర్‌ల్యాండ్. మూడూ ఒకే రోజు వినండి. ‘ది రివర్’ను కూడా 1980 ఆల్బమ్‌లో విన్నాకే కొలీజియం రికార్డింగ్‌కు వెళ్లండి. పూర్తి కచేరీ వినే ఓపిక కుదిరినప్పుడు మళ్లీ అగోరాకే రండి. డబ్ల్యూఎంఎంఎస్ అనే స్థానిక రేడియో పదో వార్షికోత్సవం కోసం చిన్న హాల్లో చేసిన కచేరీ అది. ఎడీ కాక్రన్ పాట ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’తో మొదలవుతుంది. పాటలు దాటేయకుండా వరసగా వినండి. మధ్యలో చెప్పే మాటలు కూడా.